మోగడం మానేసిన ఫోను

రోజూ భోజనాల వేళకి లిఫ్టు మెకానిక్ భార్య బల్లని గోడవైపు కాస్త జరుపుతుంది. మామగారు పోయిన నాటి మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చేది అప్పుడే. దానికీ చోటుండాలి కదా. పిల్లలు కాళ్ళు పైకి పెట్టుకుని తింటారు. మొన్న కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినతను కూడా అది అయ్యేదాకా మర్యాదగా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నంలో మెకానిక్, అతని అక్క, ముసలి తండ్రి భోంచేస్తుంటారు; భార్యా పిల్లలూ ఆ రోజు ఊళ్ళో లేరు. తండ్రి కాసేపు కూర్చోమని బతిమాలతాడు. కొడుకు విసుక్కుని, కంచం నెట్టేసి వెళ్ళిపోతాడు. అక్కడితో అంతా చెరిగిపోతుంది. ఆ తర్వాత కునుకు తీసిన పెద్దాయన మళ్ళీ లేవలేదు.

మూల కుర్చీలో కూర్చుని మెకానిక్ దాన్ని కన్నార్పకుండా చూస్తాడు. చూశాక ముద్ద దిగదు. కన్నతండ్రి మాటే పట్టనివాడు జనం ఎక్కే లిఫ్టు ముట్టుకోకూడదని పనిలోకి వెళ్ళడం మానేశాడు. స్నేహితులు పిలిస్తే ఒంట్లో బాగాలేదని భార్య చేత చెప్పించేవాడు. అక్క ఫోను మాత్రం అసలు ఎత్తనిచ్చేవాడు కాదు. ఆ పూట ఎదురుగా ఉన్నది ఆవిడే, నానా మాటలూ అంటుందని భయం. చిక్కి సగమయ్యాడు. ఇలాగే తిండి మానేస్తే మనిషి దక్కడని డాక్టరు తేల్చి చెప్పేసరికి, భార్య అతనికి తెలియకుండా వదినగారికి కబురు పెట్టింది.

అక్క సరిగ్గా భోజనాల వేళకి దిగింది. చెప్పులు విప్పుతుండగానే ఆ మధ్యాహ్నం మొదలైంది. అందులోని కొడుకు కంచం నెట్టాడు. అక్క చేతిలోంచి సంచీ జారిపోయింది.

"ఇదేంట్రా? ఫోనేది?"

"ఏ ఫోను?" అన్నాడు తమ్ముడు.

"లిఫ్టులో తల్లీబిడ్డా ఇరుక్కున్నారని నీకు ఫోనొచ్చింది కదరా. నువ్వు కంచం ఎప్పుడు నెట్టావు? నాన్న నిన్ను ఎప్పుడు బతిమాలాడు?"

మొదట్లో ఆ ఫోను మోగడం అతని భార్య విన్నది. ఎప్పుడు ఆగిపోయిందో గమనించనే లేదు. తనని తాను తిట్టుకుంటూ చూసి చూసి, రోజుకింత చొప్పున అతను ఆ పూటనే మార్చేశాడు.

అక్క ఊరుకునే రకం కాదు. అందరిలా పక్కకి తప్పుకోకుండా, అది చెరిగిపోయేలోపే తిన్నగా అందులోకి నడిచి, తన కుర్చీలో తను కూర్చుంది. మళ్ళీ మొదట్నించీ కానివ్వమంది.

ఫోను మోగింది. "వెళ్ళరా, ఎవరో పాపం," అన్నాడు తండ్రి. కొడుకు చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు. అక్కడితో చెరిగిపోవాల్సింది, ఈసారి చెరగలేదు. అక్క ఉంది కనక, మెకానిక్ ఎన్నడూ చూడనిది సాగింది. తండ్రి తాపీగా తిన్నాడు. కొడుకు పనితనం గురించి కూతురి దగ్గర కాసేపు గొప్పలు పోయాడు. లేచేముందు, కొడుకు సగంలో వదిలేసిన కంచం మీద మూత పెట్టాడు.

"నేను కాస్త నడుం వాలుస్తా. వాడొచ్చాక తినమను."

అక్క కళ్ళు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది. "ఈ మాట చెబుదామనేరా ఇన్నాళ్ళూ ఫోను చేసింది."

ఆ మధ్యాహ్నం చెరిగిపోయింది. మూత పెట్టిన కంచం మాత్రం బల్లమీదే ఉండిపోయింది. మెకానిక్ లేచి, చేతులు కడుక్కుని, కుర్చీ లాక్కుని మూత తీశాడు. ఇంకా వేడిగానే ఉంది. తిన్నాడు.