సాక్షి సంతకం

ఆ సోమవారం పుంగనూరు ట్రస్టు ఆస్పత్రిలో నర్సు మునెమ్మ ఒక్కతే ఉండింది. మిగతా నలుగురం మదనపల్లె హెడ్డాఫీసులో ట్రైనింగులో ఉన్నాం. నెలకొకటి. పోకుంటే కాంట్రాక్టు పొడిగించరు. పోతే వార్డులో మా బదులు ఎవర్నీ పెట్టరు.

మేము రబ్బరు బొమ్మకు ఊపిరందించేది నేర్చుకుంటుండగానే చౌడేపల్లె కూలి గంగులమ్మకు కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఊపిరి కొట్టే మాస్కు చినిగి మూడు నెలలు. మునెమ్మ తన నోటితోనే ఊదింది. అవతల తల్లికి నెత్తురు ఆగకపోతే అటు పరుగెత్తింది. తల్లి బతికింది. బిడ్డ పోయింది.

మర్నాడు మేనేజరు నరేంద్ర పోయిన నెల ట్రైనింగు రిజిస్టరు మా ముందర పెట్టినాడు. అందులో మునెమ్మ పేరుంది. వార్డుకు ఒకరు కావాలని ఆమెను ఏ ట్రైనింగుకూ పంపిందే లేదు.

"మేము నేర్పించినాము, ఆమె సరిగా చేయలేదు. అంతే. మీ పక్కన కూసున్నట్టు సాక్షి సంతకాలు పెట్టండమ్మా."

బస్టాండులో మాలో మేమే కొట్లాడుకున్నాం.

"ఈ ట్రైనింగులే వద్దని రాసిద్దాం," అనింది శారదమ్మ. "ఇరవై ఏండ్లుగా కాన్పులు చేస్తాండాను. ఇంగ్లీషులో పరీక్ష రాయకుంటే నేను నర్సునే కాదంట!"

"సదువు వద్దనొద్దక్కా," అనింది కుప్పం పిల్ల పల్లవి. "నాకు నేర్సుకోవాలనే ఉండాది. సామాను ఇయ్యకుండా, మనిషిని పంపకుండా, నేర్పినామని రాసుకునేది సదువా? దానికి సంతకం పెట్టొద్దు."

వాళ్ళిద్దరూ పెట్టలేదు. మాలో నాలుగో ఆమె నీరజా, నేనూ పెట్టినాం. నా ఇంట్లో ఇద్దరు బిడ్డలు, మంచం పట్టిన మొగుడు. అది సాకని నాకు అప్పుడే తెలుసు.

మునెమ్మను తీసేసినారు. "నువ్వు కూడానా ఆదిలక్ష్మీ?" అనింది.

తర్వాతి ట్రైనింగులో మూడు ఊర్ల ట్రస్టు ఆస్పత్రుల నర్సులు ముప్పై మంది. నేను లేచినాను.

"ఆ సంతకం నాది. అబద్ధం. మునెమ్మ ఆ పొద్దు ఈడ లేదు."

"కూసో!" అని అరిచినాడు నరేంద్ర.

పల్లవి లేచింది. శారదమ్మ లేచింది. కుప్పం ఆస్పత్రి వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు. పద్నాలుగు మందిమి ఆ పొద్దు రిజిస్టరులో సంతకం పెట్టకుండా బయటికొచ్చినాం. నీరజ తలెత్తలేదు.

పద్నాలుగు ఉద్యోగాలూ పోయినాయి. లేబర్ ఆఫీసులో కేసు పెడితే వాయిదాల మీద వాయిదాలు. మునెమ్మ ఇప్పుడు మార్కెట్ యార్డులో టమాటాలు ఏరుతోంది.

మా జాగాల్లో కొత్త పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ళ మొదటి ట్రైనింగు రోజు హెడ్డాఫీసు గేటు ముందర నిలబడినాం. మునెమ్మ కూలి పోగొట్టుకుని వచ్చింది. ఒక పిల్ల చెయ్యి పట్టుకుని, "నేర్సుకో పాపా, బాగా నేర్సుకో. వాళ్ళ తప్పు మాత్రం నీ నెత్తిన రాయించుకోవద్దు," అనింది.

ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని లోపలికి పోయింది.

పోలీసు జీపు వచ్చి ఆగింది. మునెమ్మ గేటుకడ్డంగా కూర్చుంది. మేము ఆమె చుట్టూ కూర్చున్నాం.