రఫూ అక్క కన్నీళ్లు

డ్రైక్లీనింగ్ షాపులో అందరూ ఆవిడను రఫూ అక్క అంటారు. చిమ్మెట కొట్టిన చీరైనా, నిప్పురవ్వ పడిన కోటైనా ఆమె ఒళ్లోకి రావాల్సిందే. ఆ గుడ్డ అంచులోంచే పోగు లాగి, ఒక పోగు కిందుగా, ఒక పోగు పైగా, బెజ్జం జాడే తెలియకుండా సూదితో నేసుకుంటూ పోతుంది. సూది కదులుతున్నంతసేపు రెప్ప వేయకూడదని వాళ్లమ్మ నేర్పింది. రెప్ప వేస్తే వరస తప్పుతుందట.

యాభై దాటి నెలసరి ఆగిపోయాక ఆమె కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటోంది. సూది పట్టిన కాసేపటికి మంట, ఆ వెనకే ధారగా నీళ్లు. అది చూసిన షాపు యజమాని ఇంట్లో ఏదో కష్టమనుకున్నాడు. ఆమె భర్తను పక్కకు పిలిచి, ఆడమనిషిని ఏడిపించిన ఇల్లు బాగుపడదని బుద్ధి చెప్పాడు. చీమకు కూడా హాని తలపెట్టని ఆ మనిషి ఇంటికొచ్చి, "నేనేం చేశానే? మీ యజమాని ముందు నన్ను కసాయివాణ్ణి చేశావు" అని వాపోయాడు.

ఆమె నవ్వింది గానీ లోపల బెంగ పట్టుకుంది. ఆ వారమే ఎవరిదో ఉన్ని కోటు వచ్చింది, సరిగ్గా రొమ్ము మీద కాలిన బెజ్జంతో. రెండు వరసలు వేసేసరికి చూపు అలుక్కుపోయింది. విప్పి మళ్లీ వేసింది. మళ్లీ తప్పింది. కుదరకపోతే పైన గుడ్డముక్క పెట్టి మాసిక వేయిద్దామని యజమాని మెల్లగా అన్నాడు. మాసిక అన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు భర్తను వెంటబెట్టుకుని కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క ఉంచి, కాసేపాగి తీసి చూసింది. కొస మాత్రమే తడిసింది. కళ్లు ఎండిపోతున్నాయంది.

"ధారగా కారిపోతుంటే ఎండిపోవడమేంటమ్మా?" అని అక్క అడిగింది.

కన్నీటి గ్రంథులూ, రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులూ హార్మోన్లు చెప్పినట్టు నడుచుకుంటాయనీ, ఈ వయసులో ఆ హార్మోన్లు తగ్గితే వాటి పనీ మందగిస్తుందనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. తడి నిలవక కన్ను మండుతుంది, ఆ మంటకు బెదిరి ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. అవి కంటిని కాపాడే నీళ్లు కావు. చుక్కల మందు రాసిచ్చి, వెచ్చటి గుడ్డతో రెప్పలకు కాపడం పెట్టుకోమంది. తర్వాత ఆమె పని సంగతి అడిగి తెలుసుకుని, "ఉన్న కాస్త తడినీ మీరే ఆరబెట్టుకుంటున్నారు. రెప్ప వేయండి" అంది.

మందు వేసుకోవడం తేలికే, రెప్ప వేయడమే గండమైంది. కళ్లు మూసి తెరిచేసరికి పోగులన్నీ ఒకేలా కనిపించేవి. విసుగొచ్చి కోటు పక్కన పడేసి, మళ్లీ తీసుకుంది. చివరికి ఎడమచేతి బొటనవేలి గోరు సూది ఆగిన పోగు మీద ఆనించి కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే గోరు దగ్గరే పోగు ఉంది. చూపు వదిలేసిన వరసను వేలు కాపలా కాసింది. అమ్మ ఎరగని మెళకువ ఇది, తన సొంతం. ఆ మాట తలచుకోగానే ఆమె నడుము దానంతటదే నిటారైంది. మంట పూర్తిగా పోలేదు గానీ, సూది మాత్రం ఆగలేదు.

కోటు పూర్తయ్యాక యజమాని దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. వెలుగుకు అడ్డంపెట్టి చూశాడు, వేళ్లతో తడిమాడు, తిరగేసి మళ్లీ తడిమాడు.

"ఎక్కడక్కా అది?"

"నేను చూపిస్తే ఇంక అది రఫూ ఎలా అవుతుంది బాబూ?" అంటూ ఆమె చిరిగిన ఓ చీరను ఒళ్లోకి లాక్కుంది.