రెండో ముద్రణలో లేని పన్నెండు పేజీలు

సూపులోకి నూడుల్స్ కోస్తుంటే నా భర్త ఇల్గిజార్ ప్రార్థనల పుస్తకం ప్రూఫుల కట్ట తెచ్చి పిండి పక్కనే పడేశాడు. "సాయంత్రానికి చూసెయ్. నువ్వుండగా మనకి వేరే ప్రూఫ్ రీడరెందుకు?" అన్నాడు. కజాన్‌లో మా ప్రచురణ సంస్థ పదకొండేళ్లుగా ఇలాగే నడుస్తోంది. ఆయన ప్రచురణకర్త, నేను ఇంట్లో మనిషిని.

నిజానికి ఈ ప్రార్థనల పుస్తకం మా అమ్మది. సోవియట్ రోజుల్లో మసీదుకు తాళం పడ్డాక, మా ఊళ్లో మతాన్ని వంటింట్లో బతికించింది అమ్మలాంటి అబిస్తాయిలే, అంటే ఆడవాళ్లకి ప్రార్థన నేర్పే పెద్దావిడలే. ఏ ఇంట్లో ఆడమనిషి పోయినా తలుపులు మూసి అమ్మే స్నానం చేయించి, ప్రార్థన చదివి సాగనంపేది. అరబ్బీ అక్షరం రాదు. వాళ్లమ్మ నోట విన్నదంతా రష్యన్ అక్షరాల్లో బడి నోట్‌బుక్‌లో రాసుకుంది. పట్టుబడితే ఉద్యోగం ఊడేది. సోవియట్ పోయాక ఇల్గిజార్ ఆ నోట్‌బుక్‌నే అచ్చేసి, అట్ట మీద తన పేరు వేసుకున్నాడు. "ఆడవాళ్ల పేరు బజార్లో పెడతామా?" అన్నాడు. అమ్మ మురిసిపోయింది, పిచ్చితల్లి. నాకు ఒళ్లు మండింది, అయినా ఆ ప్రూఫులూ నేనే దిద్దాను.

ఇప్పుడు రెండో ముద్రణ. పైదేశంలో మతం చదివొచ్చిన కొత్త పండితుడు చివరి పన్నెండు పేజీలు కొట్టేశాడు. పోయినవాళ్ల కోసం అమ్మ చదివేవి అవే.

"ముసలమ్మల కల్పితాలు. ఏ గ్రంథంలోనూ లేవట," అన్నాడు ఇల్గిజార్.

"మా అమ్మ బతుకంతా చదివినవి."

"తెలీక తప్పు చేసింది. తెలిసీ అచ్చేస్తే పాపం మనది. ముందుమాటలో 'తప్పులు సవరించాం' అని ఓ ముక్క రాసి పెట్టు."

రాశాను. ఇన్నాళ్లూ అన్నీ రాసినట్టే అదీ రాశాను.

అచ్చయ్యాక ఊరెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. నాకు పాలు కలిపిన టీ పోసి, కళ్లజోడు సర్దుకుని పేజీలన్నీ తిప్పింది. మళ్లీ మొదటికొచ్చి ముందుమాట చదివింది. తిట్టినా బాగుండేది.

"అల్లుడు చదువుకున్నవాడు. ఆయనకి తెలీదా ఏంటి," అంది.

పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జుహ్రా, నా చేతుల మీదుగా నలభై మందికి పైనే వెళ్లారే. మా అమ్మనీ నేనే పంపాను. వాళ్లంతా చేరారంటావా, దారిలోనే ఆగిపోయారంటావా?"