గుమ్మటం మీద రావి

పెద్దకడుబూరు దారిలో మా ఊరి చివర ఒక గుమ్మటం ఉంది. ఏ సుల్తాను కాలందో, లోపల సమాధిలో పడుకున్న మహానుభావుడెవరో మాకెవరికీ తెలియదు. బయట మాత్రం నీలిరంగు బోర్డు ఉంది: పాడుచేస్తే జైలు. ఆ బోర్డు పాతి పురావస్తు ఆఫీసువాళ్లు చేతులు దులుపుకున్నారు.

గుమ్మటం గోడను కలిసేచోట, గచ్చు పగిలి, రావి మొక్క మొలిచింది. వేర్లు దిగేకొద్దీ పగులు పెరుగుతోంది. తీసేద్దామని నేనంటే ఊరిపెద్ద ఈరప్ప చెవులు మూసుకున్నాడు.

"రావిని నరికితే వంశం నిలుస్తాదా? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అనురాధా?"

ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆర్డరు రావాలన్నారు. ఏళ్లు గడిచాయి. మహారాజశ్రీ ఆర్డరుగారు ఇంకా బయల్దేరలేదు.

నాకెందుకుండదు దురద? వరదొచ్చిన ఏడు మా ఇల్లు కూలితే, నా కూతురు స్వాతి పుట్టింది ఆ గుమ్మటం కిందే. పురుడు పోసింది మా అత్త దేవక్క. అప్పటినుంచి ప్రతి గురువారం ఆమె అక్కడ దీపం పెట్టి చక్కెర పంచుతుంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత రావికీ మొక్కడం మొదలుపెట్టింది. నిచ్చెనేసుకొని మరీ పసుపునీళ్లు పోసేది! ఆ నీళ్లకే అది అంత బలిసింది. నేను అరిస్తే, "నోర్మూసుకోవే, ఇద్దరు దేవుళ్లూ సల్లగుండనీ" అనేది.

పోయిన వానకు పైనుంచి రాయి జారి, దీపం దగ్గర కూర్చున్న స్వాతి పక్కనే పడింది. మా అత్త రాయినీ చూసింది, పిల్లనూ చూసింది. తెల్లారి అదే నిచ్చెన ఎక్కి, రావిని మొదలంటా నరికి, మళ్లీ చిగురించకుండా సున్నం కూరింది.

ఇన్నేళ్లూ దొరకని ఆఫీసరు ఆ సాయంత్రమే జీపు దిగాడు. ఈరప్ప ఫోన్ చేశాడట. దీనికి మాత్రం ఆర్డరు అక్కర్లేదు.

"ఎవర్నడిగి ఎక్కినావమ్మా? ఇది రక్షిత కట్టడం."

"అదెవర్నడిగి మొలిసింది సారూ?" అంది మా అత్త. "నా పేరే రాసుకో. నా కోడలికేం సంబంధం లేదు."

రాసుకున్నాడు. ఈరప్ప మహాపాపం గురించి ఉపన్యాసమిచ్చి, అదే జీపులో వెళ్లాడు.

భలే అడిగినావత్తా అందామని దగ్గరికి పోయాను. నరికిన కొమ్మలు ఒళ్లో పెట్టుకొని గుమ్మటం మెట్ల మీద కూర్చుని ఉంది. వరదలో కూడా ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నేనే నీళ్లు పోసి సాకితి గదే," అంది. "నా సేత్తోనే నరికితి."