అవ్వ అనుమతి

2007లో మా కబ్బన్‌పేట ఇంటికి, పట్టుచీరల డిజైన్లు గీయడానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. ఏం తెరవబోయినా తెరంతా మసకబారి, "అనుమతిస్తారా?" అని ఒక పెట్టె ప్రత్యక్షమయ్యేది. మా ఇంట్లో సొన్నమ్మవ్వ ఊ అనకుండా మగ్గానికి పడుగు కూడా ఎక్కదు. అందుకని నాన్న, "అనుమతి అడగతా ఉండాది కదా నేత్రా, అవ్వను అడుగు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మొదటి రోజు అవ్వ కళ్ళజోడు పెట్టుకొచ్చి, "ఎవురు నువ్వు? ఏం పని నీకు?" అని ఆ పెట్టెను నిలదీసింది. మూడో రోజుకి వంటింట్లోంచే ఊ అంది. వారం తిరిగేసరికి నేను నోరు తెరవకముందే ఊ అనేస్తోంది.

అప్పుడు తట్టింది నాకు. ఆరు నెలలుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఒకటుంది.

"అవ్వా, ప్రింటర్‌కు అనుమతి కావాలంట."

"ఊ."

"రంగుల ప్రోగ్రాంకు కూడా."

"ఊ."

"హూడిలో పనిచేసే హేమంత్‌ను పెండ్లి చేసుకుంటా."

"ఊ."

నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారి కింద కూలబడ్డాను. అవ్వ ఊ అన్నాక ఇక నాన్న కూడా కాదనలేడు.

అనపకాయలు ఒలుస్తున్న అవ్వ తల కూడా ఎత్తలేదు.

"కడమవేవీ నేను ఇన్లే. ఇదొకటే ఇన్యా. హూడికి పోయి ఆ పిల్లోణ్ని చూసొచ్చి నెలాయ. నువ్వెప్పుడు అడగతావా అనే ఇన్ని దినాలూ ఊ అంటా ఉండా" అంది.