మినహాయింపు

సర్జన్ వాసుదేవరావు చేతులకు ఇంకా పేషెంట్ నెత్తురు అంటుకునే ఉంది. ఆ చేతులతోనే నెట్‌వర్క్ ఇంజనీర్ అనూప్ కాలర్ పట్టుకుని సర్వర్ రూమ్ గోడకేసి కొట్టాడు. అనూప్ పెదవి చిట్లింది.

"ఇర్వింగ్ సిటీలో ఇంత పెద్ద హాస్పిటల్, పేషెంట్ హిస్టరీ పేజీ ఒక్కటి ఓపెన్ కాదా? బ్లడ్ థిన్నర్ వాడుతున్నాడని తెలీకుండానే కోశాను. నెత్తురు ఆగలేదు. నా చేతుల్లోనే పోయాడు. పొద్దుట్నుంచి కంప్లైంట్స్ ఇస్తుంటే ఏం పీకుతున్నావురా?"

"నాకు ఓపెన్ అవుతోంది సర్. అందుకే ఆ కంప్లైంట్ టికెట్లన్నీ క్లోజ్ చేశాను."

అనూప్ లాప్‌టాప్ తెరిచి చూపించాడు. నిజమే, పేజీ తెరుచుకుంది. చచ్చినవాడి పేరు, దాని కింద ఎర్రటి అక్షరాల్లో ఆ మందు.

వాసుదేవరావు పట్టు సడలింది. "మరి మాకెందుకు రాలేదు?"

"ఇక్కడ ఎవరు ఏ పేజీ తెరిచినా నెట్‌వర్క్‌కి కాపలా కాసే మన ఫైర్‌వాల్ మధ్యలో తాళం తీసి చదువుతుంది సర్. నిన్న బ్రౌజర్ అప్‌డేట్ అయింది. అది వేసే కొత్త తాళం ఫైర్‌వాల్‌కి అర్థంకాక కనెక్షన్ కట్ చేసేస్తోంది."

"నీదీ అదే బ్రౌజర్ కదా."

"అదే సర్. కానీ నా లాప్‌టాప్‌ని ఫైర్‌వాల్ చదవకుండా తప్పించి పెట్టుకున్నాను." కీబోర్డు మీద అతని వేళ్లు ఆగిపోయాయి. "నా మెయిల్స్ ఎవరూ చూడకూడదని."

వాసుదేవరావు ఆ వేళ్ల మీదే లాప్‌టాప్ మూసి, ఒంటి బరువంతా మోపి నొక్కాడు. ఎముక విరిగే చప్పుడు ఆయనకు బాగా తెలుసు. అది విన్నాక కూడా నొక్కుతూనే ఉన్నాడు.