విక్టోరియా గౌన్స్ కొత్త ముఖం

కృపాజ్యోతి కొత్త వెబ్‌సైట్ మొదలుపెట్టింది దుకాణం వదిలి వెళ్ళడానికే. ఆ సంగతి తండ్రి సైలస్‌కు తెలియదు.

అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వెళ్ళే గల్లీలో, మేడ మీద వాళ్ళ 'విక్టోరియా గౌన్స్'. చర్చి పెళ్ళిళ్ళకు తెల్లగౌన్లు కుడతారు. విక్టోరియా కృప తల్లి. ఆమె పోయాక సైలస్ ఒక్కడే నడిపాడు. పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి కొలతలూ కత్తెరా కృప చేతికొచ్చాయి.

బెంగళూరులో ఒక బట్టల కంపెనీ ఆమెకు డిజైనర్‌గా ఉద్యోగం ఇచ్చింది. త్వరలో చేరాలి. పెళ్ళికూతుళ్ళు మోడలూ కొలతలూ వెబ్‌సైట్‌లోనే ఇచ్చేస్తే, కుట్టడానికి దుకాణంలో పనిచేసే రజని, నళిని ఉన్నారు. తాను లేకపోయినా దుకాణం నడుస్తుందనుకుంది.

రెడీమేడ్ టెంప్లేట్లు చాలా చూసి ఒకటి ఎంచుకుంది. రంగులు మార్చింది. కొలతలు ఎలా తీసుకోవాలో బొమ్మలతో చూపించింది. అన్నిటికంటే పైన పెద్ద ఫోటోకు చోటుంది. అక్కడ తల్లి ఫోటో పెట్టి తండ్రికి చూపించింది.

"మీ అమ్మది కింద పెట్టు బిడ్డా. గీడ నీది పెట్టు."

"నాదెందుకు డాడీ? మీది పెడ్త."

"నన్ను చూసి ఎవరొస్తరు? ఇప్పుడు దుకాణమంటే నువ్వే గదా."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. సైలస్ అప్పటికే ఎడమచేత్తో తన ఫోన్‌లో ఆమె మంచి ఫోటో కోసం వెతుకుతున్నాడు. కృప అతను చూపించినదే పెట్టింది.

వెబ్‌సైట్ బాగా నడిచింది. సికింద్రాబాద్ నుంచి, మెదక్ నుంచి ఫోన్లు వచ్చాయి. సొంతంగా కొలతలు తీసుకోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. "ఫోటోల ఉన్న అక్కనే తియ్యాలె" అన్నారు. క్రిస్మస్ పెళ్ళిళ్ళన్నీ సైలస్ సంతోషంగా ఒప్పేసుకున్నాడు.

బెంగళూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు కృప మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, ఒక పెళ్ళికూతురి గౌను అంచు మడుస్తోంది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

ఆ పిల్ల వెళ్ళాక మెట్ల మీదికొచ్చి తిరిగి చేసింది. క్రిస్మస్ దాకా గడువు అడిగింది. వేరేవాళ్ళను తీసుకుంటామన్నారు.

లోపలికొచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. "డాడీ, బెంగళూరుల నాకు జాబ్ వచ్చింది. పోదామనే గీ వెబ్‌సైట్ చేసిన. ఇప్పుడు జాబ్ పోయింది."

సైలస్ ఎడమచేత్తో తన ఫోన్ పక్కన పెట్టాడు. "ముందుగాల చెప్తే పొమ్మంటుంటి గదా బిడ్డా."

"నిజంగ అంటుంటివా డాడీ?"

అతను తల దించుకున్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. "వెబ్‌సైట్ల చూసి వచ్చినం. కృపాజ్యోతి మీరేనా?"

కృప కళ్ళు తుడుచుకుని, టేపు మెడలో వేసుకుంది.

"ఔ," అంది. "జర ఇటు నిలబడు చెల్లే."